చివరి పాట పెట్టమనండి

ప్రశ్న: మ్యూనిక్ హై ఎండ్ షోలో ఒక టర్న్‌టేబుల్ విని మతిపోయింది, ధర చూసి గుండె జారింది. మా నాన్నగారి ఎల్పీలకు అంతది కావాలా? – ఒక పాఠకుడు, జర్మనీ

జవాబు: అక్కర్లేదండీ. మీరు విన్నదాంట్లో సింహభాగం స్పీకర్లది, ఆ గదిది. ఈసారి ఇలాంటి ఏ షోకి వెళ్లినా రికార్డులో చివరి పాట పెట్టమనండి. స్టాళ్లవాళ్లకు మొదటి పాటంటేనే ఇష్టం, ఊరికే కాదు! ఎల్పీ అంచు దగ్గర గాడి సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు సూది కింద సాగుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 20 చిల్లరే. అంతే సంగీతం ఇరుకు జాగాలో సర్దుకోవాలి. అక్కడ కూడా ‘స’, ‘ష’లు బుసకొట్టకపోతే కార్ట్రిడ్జ్, దాని అమరిక బాగున్నట్టే. వయొలిన్‌లో సాగదీసిన స్వరం వణికితే మోటారును అనుమానించండి (రికార్డు బెజ్జం పక్కకు జరిగినా అంతే).

మధ్యరకం టర్న్‌టేబుల్ కొని, మిగిలింది మంచి కార్ట్రిడ్జ్‌కి పెట్టండి. సూది బరువు తయారీదారు చెప్పినంతే ఉంచాలి. చాలావాటికి 2 గ్రాముల అటూఇటూ.

అన్నట్టు, నాన్నగారి రికార్డుల్లో 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేట్లుంటే వాటికి ఎల్పీ సూది పనికిరాదు, గాడి బాగా వెడల్పు. వాటిని స్పిరిట్‌తో తుడవకండి, వాటిలోని లక్క కరిగిపోతుంది.