వజ్రాలు – పరిపాలన

వజ్రాల మాట వింటే తెలుగువారికి కృష్ణాతీరంలోని కొల్లూరు గనులు, గోల్కొండ కోట గుర్తుకు వస్తాయి. నేటి కాలంలో వజ్రాలకు పేరుపొందిన దేశాలలో ఆఫ్రికాలోని బోట్స్వానా ఒకటి. ప్రభుత్వం పనిచేసే తీరును బట్టి దేశాభివృద్ధి, లోకంలో ఆ దేశానికి దక్కే గౌరవం ఎలా మారుతాయో దాని చరిత్ర వల్ల తెలుస్తుంది.

బోట్స్వానా 1966 సెప్టెంబరు 30న బ్రిటిష్‌వారి ఏలుబడి నుండి స్వాతంత్ర్యం పొందింది. దానికి సముద్రతీరం లేదు. అధికభాగం కలహారి ఎడారి. అప్పటికి దేశం మొత్తంమీద పట్టుమని 15 కిలోమీటర్ల తారురోడ్డయినా లేదు. పశువుల పెంపకమే ప్రధాన జీవనాధారం. అక్కడ వాన ఎంత అపురూపమంటే, 1976లో సొంత నాణెం తెచ్చుకొన్నప్పుడు దానికి 'పులా' అని పేరు పెట్టుకొన్నారు. వారి త్స్వానా భాషలో పులా అంటే వాన.

1967లో ఒరాపా అనే చోట వజ్రాలు బయటపడ్డాయి. ఆ నేల బమాంగ్వాటో తెగవారిది. దేశపు తొలి అధ్యక్షుడు సెరెట్సీ ఖామా ఆ తెగ నాయకుల వంశంలో పుట్టినవాడే. ఆయన తలచుకొంటే ఆ సంపద తన తెగకే దక్కేది. అయినా భూగర్భ ఖనిజాలు దేశప్రజలందరివీ అని ఆయన ప్రభుత్వం అదే సంవత్సరం చట్టం చేసింది. గనులు తవ్వే విదేశీ సంస్థతో ఓపికగా బేరమాడి, తన వాటాను క్రమంగా సగానికి పెంచుకొన్నది. వచ్చిన ధనాన్ని బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు, మంచినీటికి వెచ్చించింది. కొంత సొమ్మును రాబోయే తరాల కోసం నిధిగా దాచింది.

పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లోనూ వజ్రాలున్నాయి. కాని అక్కడ పాలకుల అవినీతి వల్ల ఆ సంపద కొందరి పాలయింది. 1991 నుండి 2002 వరకు అంతర్యుద్ధం సాగింది. తిరుగుబాటుదారులు వజ్రాలమ్మి ఆయుధాలు కొన్నారు. 2000లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి, ప్రభుత్వ ధ్రువపత్రం లేని ఆ దేశపు ముడివజ్రాలను ఎవరూ కొనరాదని ఆంక్ష విధించింది. బోట్స్వానా మాత్రం 1994లోనే, ఐక్యరాజ్యసమితి రూపొందించిన అత్యల్పాభివృద్ధి దేశాల జాబితా నుండి బయటపడిన మొదటి దేశమయింది. వజ్రాలు రెండు చోట్లా ఉన్నాయి. ఒకచోట అవి బడులయ్యాయి, మరొకచోట తుపాకులయ్యాయి.

బోట్స్వానాకు కష్టాలు లేకపోలేదు. ఎయిడ్స్ వ్యాధి ఆ దేశాన్ని కుదిపివేసింది. 2002లో ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం ప్రారంభించి ఎందరి ప్రాణాలనో నిలిపింది. నిరుద్యోగం, ధనిక పేదల నడుమ అంతరం నేటికీ ఉన్నాయి. ఒక్క వజ్రాలనే నమ్ముకోవడం వల్ల వాటి ధర పడిపోయినప్పుడల్లా రాబడి తగ్గుతుంది. స్వాతంత్ర్యం నాటి నుండి పాలించిన పక్షాన్ని 2024 ఎన్నికలలో ప్రజలు ఓడించారు. ఓడిన అధ్యక్షుడు ఆ తీర్పును అంగీకరించి శాంతియుతంగా పదవి విడిచాడు. ఇదీ సుపరిపాలనకు గుర్తే.

ఇంట్లో ధాన్యం ఉంటే చాలదు. దానిని అందరికీ సరిగా వడ్డించే చేయి కావాలి. దేశానికి ప్రభుత్వం అటువంటి చేయి. ఆ చేయి ఎలా వడ్డిస్తున్నదో గమనించడం పౌరుల విధి.

పదాలు – అర్థాలు
ఏలుబడి : పరిపాలన
అపురూపం : అరుదైనది
ఆంక్ష : నిర్బంధం, అడ్డు

ప్రశ్నలు
1. బోట్స్వానా నాణేనికి 'పులా' అని పేరు పెట్టడంలోని ఔచిత్యమేమి?
2. ఖనిజాల చట్టం వల్ల సెరెట్సీ ఖామా గుణం ఎలా వెల్లడవుతున్నది?
3. "ఒకచోట అవి బడులయ్యాయి, మరొకచోట తుపాకులయ్యాయి" – వివరించండి.
4. మీ ఊరిలో ప్రభుత్వం చేసిన ఒక మంచి పనిని, చేయవలసిన మరొక పనిని గురించి పది వాక్యాలు రాయండి.