ధర్మధనమునకు కావలి

దానము చేయువాడు ధనముతో పాటు తన నమ్మకమును కూడ అప్పగించును. అంగడిలో రూపాయి ఇచ్చినవాడు వస్తువును చేత పుచ్చుకొని, దాని మంచిచెడ్డలను అక్కడనే చూచుకొనగలడు. పేదబాలుని చదువునకై రూపాయి ఇచ్చినవానికి ఆ అవకాశము లేదు. ఆ బాలుని అతడు ఎన్నడును చూడకపోవచ్చును. ఆ రూపాయి చేరవలసిన చోటికి చేరినదా లేదా అని దాత పక్షమున చూచువాడొకడు ఉండవలెను. లాభాపేక్ష లేని ధర్మసంస్థలో ఈ పనిని చేయు ఉద్యోగియే అంతర్గత ఆడిటరు.

సంవత్సరాంతమున లెక్కలను పరీక్షించుటకు వెలుపలినుండి చార్టర్డ్ అకౌంటెంటు వచ్చును. మన దేశమున ఆ వృత్తిని క్రమబద్ధము చేయుటకు 1949లో ప్రత్యేక చట్టము వెలసినది. ఆ లెక్కలు సంస్థ యథార్థస్థితిని చూపుచున్నవో లేవో పరిశీలించి, అతడు తన అభిప్రాయమును వ్రాసి ఇచ్చును. అంతర్గత ఆడిటరు సంస్థలోనే ఉండి, ఏడాది పొడవునను, లెక్కలతో పాటు పనులు జరుగు తీరును కూడ పరీక్షించును. మొదటివాడు పంట ఇల్లు చేరిన పిమ్మట కొలుచువాడు. రెండవవాడు పైరు చేనిలో ఉండగనే గట్లు తెగకుండ చూచువాడు.

క్రొత్తగా ఈ కొలువున చేరినవాడు మొదటి దినముననే చిట్టా ఆవర్జాలను తిరుగవేయ బూనరాదు. ముందుగా ట్రస్టు దస్తావేజును చదివి, సంస్థ ఏ ఆశయములకై ఏర్పడినదో గ్రహింపవలెను. పిమ్మట ధర్మకర్తల తీర్మానములను, దాతలు వ్రాసిన ఉత్తరములను చదువవలెను. ఒక దాత బావి త్రవ్వించుటకు మాత్రమే ధనమిచ్చి ఉండవచ్చును. అతని అనుమతి లేక ఆ ధనముతో బడికి బల్లలు కొన్నచో, కొన్నవి మంచి వస్తువులే అయినను ఆ ఖర్చు తప్పే యగును. విదేశీయ విరాళములకు చట్టమే హద్దులను గీచినది. 2010 నాటి చట్టమును 2020లో సవరించినపుడు, అట్టి విరాళములనుండి పరిపాలనకు చేయు వ్యయము నూటికి 20 పాళ్ళు మించరాదని నిర్ణయించిరి. అంతకు పూర్వము ఆ హద్దు నూటికి 50 పాళ్ళుగా ఉండెను.

అటుపిమ్మట పరీక్ష ప్రారంభమగును. రసీదుల వరుస సంఖ్యలు తెగకుండ ఉన్నవా? నగదు పుస్తకములోని నిలువ పెట్టెలోని సొమ్ముతో సరిపోవుచున్నదా? బ్యాంకు చూపు నిలువకును సంస్థ వ్రాసుకొన్న నిలువకును భేదమున్నచో కారణమేమి? ఖర్చును మంజూరు చేయువాడు, సొమ్ము చెల్లించువాడు, లెక్క వ్రాయువాడు వేరువేరుగా ఉన్నారా? ఈ మూడు పనులును ఒక్కని చేతనే ఉన్నచో, పొరపాటు జరిగినను బయటపడదు. దురాశ పుట్టినను అడ్డుండదు. కాగితములు సరిగా ఉన్నంత మాత్రమున పరీక్ష ముగియదు. నూరు కుట్టుమిషనులు పంచినట్లు పుస్తకమున ఉన్నచో, అతడు కొన్ని గ్రామములకు పోయి, ఆ మిషనులను, వాటిని పొందినవారిని స్వయముగా చూడవలెను.

ఈ పనిలోని కష్టము అంకెలలో లేదు, మనుష్యులలో ఉన్నది. ఇరువది సంవత్సరములుగా నిజాయితీతో పనిచేసిన గుమాస్తాను, నిన్న మొన్న చేరినవాడు “అయ్యా, ఈ ఖర్చునకు రసీదు ఏది?” అని అడుగవలసివచ్చును. “నన్ను నమ్మరా?” అని ఆ పెద్దమనిషి నొచ్చుకొనవచ్చును. అడుగకున్నచో ధర్మము తప్పును. మర్యాద లేక అడిగినచో మనస్సు విరుగును.

ఈ చిక్కునకు గాంధీమహాత్ముని నడవడి సమాధానము చెప్పుచున్నది. 1894లో దక్షిణాఫ్రికాలోని నాటాలులో భారతీయుల హక్కులకై నాటాల్ ఇండియన్ కాంగ్రెసు ఏర్పడినపుడు ఆయన దానికి కార్యదర్శి. చందాలిచ్చినవారికి రసీదులపై శ్రద్ధ లేకుండెను. అయినను ప్రతి మొత్తమునకును రసీదు ఇచ్చి తీరవలెనని ఆయన పట్టుపట్టెను. శ్రద్ధగా లెక్కలు ఉంచని సంస్థకు అపకీర్తి తప్పదని తన ఆత్మకథలో వ్రాసెను. 1901లో స్వదేశమునకు మరలునపుడు, ప్రజలిచ్చిన విలువైన కానుకలు తనవి కావని తలచి, ట్రస్టు పత్రము వ్రాయించి, ప్రజాసేవకై వాటిని బ్యాంకులో ఉంచెను. రసీదు అడుగనివారికి సైతము రసీదు ఇచ్చుట అవిశ్వాసము కాదు, తనను నమ్మినవారికి చూపు గౌరవము. గుమాస్తాకు ఆడిటరు నెమ్మదిగా చెప్పవలసినదియు ఇదియే. రేపు ఎవడైన నింద మోపినచో, అతని ఇరువది యేండ్ల నిజాయితీకి సాక్ష్యము చెప్పునది ఆ చిన్న కాగితమే.

ఆడిటరునకు కొన్ని కట్టుబాట్లు కలవు. అతడు సంస్థ సొమ్మును ముట్టరాదు. తాను వ్రాసిన లెక్కను తానే పరీక్షింపరాదు. ధర్మకర్తలకు నేరుగా నివేదించు హక్కు అతనికి ఉండవలెను. ఎవరి పనిని పరీక్షించునో వారి దయ మీదనే బ్రతుకవలసి వచ్చినచో, నిజము వ్రాయుటకు కలము సాగదు. నివేదికలో అతడు కనుగొన్న లోపమును, దాని కారణమును, దిద్దుకొను మార్గమును తెలుపవలెనే గాని ఎవరిని దూషింపరాదు.

దొంగను పట్టినవానిని లోకము మెచ్చును. దొంగతనము జరుగకుండ కాచినవానిని ఎరుగనే ఎరుగదు. పరీక్షఫీజు గడువులోపల అందుకొన్న విద్యార్థికి ఆడిటరు పేరు తెలియదు. ఊరిబావి నీరు త్రాగు బాటసారికిని తెలియదు. అయినను ఫీజు అందుటయు, బావిలో నీరుండుటయు అతనికి చాలిన బహుమానములు.