మన ఎండకు కరగని రంగుల జెల్లీ



పోయినేడు పదో తరగతి వీడ్కోలు సభకి మేం చేసిన జెల్లీ గుర్తుందా? ఊళ్ళో తెలిసినవాళ్ళ ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టి తెచ్చాం. ఉపన్యాసాలు అయ్యేసరికి పళ్ళెంలో ఎర్రనీళ్ళే మిగిలాయి. వంటమ్మ "ఏటర్రా ఇది, సర్బత్తా?" అంది. ఈసారి జెల్లీ వద్దు, లడ్డూలు కొందాం అంటున్నారు. వార్డెన్ సారూ, ఇది చదివాక చెప్పండి.

తప్పు జెలటిన్‌ది. అది పశువుల ఎముకలు, తోళ్ళు ఉడికించి తీసే మాంసకృత్తి. 30–35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. నోట్లో వెన్నలా కరిగేది అందుకే, పలాస, టెక్కలి ఎండకి నిలవనిదీ అందుకే. పైగా మాంసం తినని వాళ్ళకి ముందే చెప్పి పెట్టాలి.

దానికి బదులు చైనాగ్రాస్ వాడాలి. పేరుకి గడ్డి గాని, నిజానికి సముద్రపు నాచు నుంచి తీసిన తెల్లటి పీచు. అసలు పేరు అగర్. నీళ్ళలో బాగా మరిగితేనే కరుగుతుంది. చల్లారుతూ 35–40 డిగ్రీలకే పేరుకుంటుంది, ఫ్రిజ్ అక్కర్లేదు. ఒకసారి పేరుకున్నాక దాదాపు 85 డిగ్రీల దాకా కరగదు.

మనకొచ్చిన చిక్కే 1881లో జర్మనీలో వాల్తేర్ హెస్సె అనే డాక్టరుకీ వచ్చింది. సూక్ష్మజీవుల్ని పెంచే జెలటిన్ వేసవిలో నీరైపోయేది. నీ జెల్లీలు ఎండాకాలంలో ఎలా నిలుస్తున్నాయని భార్య ఫానీని అడిగాడు. అగర్ వేస్తానంది ఆమె. జావాలో ఉండి వచ్చిన పొరుగువాళ్ళు నేర్పారట. నేటికీ లేబరేటరీల్లో వాడేది ఆ అగరే. వంటింటి నుంచి సైన్సుకి వెళ్ళిన పాఠం ఇది, మన పుస్తకంలో మాత్రం లేదు!

చేసే పద్ధతి: 10 గ్రాముల పీచుని అర లీటరు నీళ్ళలో అరగంట నానబెట్టి, ఆ నీళ్ళతోనే పీచు కనబడకుండా పోయేదాకా మరిగించాలి. గుప్పెడు పంచదార వేయాలి. దించి, అర లీటరు ఉద్దానం కొబ్బరినీళ్ళు గోరువెచ్చగా చేసి కలపాలి. చల్లటివి పోస్తే వెంటనే ఉండలు కడుతుంది, మాకు ఒకసారి అలాగే అయింది.

రంగుకి సంతలో దొరికే పొట్లాల పొడి వద్దు. రోడమిన్ లాంటి బట్టల రంగులు తిండిలో వాడటం నేరం. ఎరుపుకి బీట్‌రూట్ రసం, పసుపుపచ్చకి చిటికెడు పసుపు, నీలానికి శంఖుపూలు మరిగించిన నీళ్ళు చాలు. ఆ నీలంలో నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే ఊదా రంగుకి మారుతుంది. లిట్మస్ లాగే! నిమ్మరసం పొయ్యి మీద ఉండగా వేయకండి, జెల్లీ గట్టిపడదు.

ఒక రంగు మీద ఇంకోటి పోయాలంటే, కిందది వేలికి అంటకుండా, ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే పోయాలి. పూర్తిగా ఆరిపోతే ముక్క కోసేటప్పుడు పొరలు విడిపోతాయి.

ఇది జెలటిన్‌లా నోట్లో కరగదు, పుటుక్కున విరుగుతుంది. కొందరికి అది నచ్చదు. నాకైతే ముదరని తాటిముంజె తిన్నట్టే ఉంది.