కంప్యూటర్ లెక్కను మనమూ సరిచూద్దాం

కంప్యూటర్ వేసిన లెక్కలో తప్పు ఉండదని మనలో చాలామందికి గట్టి నమ్మకం. కానీ కంప్యూటర్ తనంతట తాను ఆలోచించదు. మనిషి రాసిన సూచనల ప్రకారమే లెక్క వేస్తుంది. సూచన పాతదైతే జవాబూ తప్పే. ఇందుకు 2021లో జరిగిన సంఘటనే ఉదాహరణ.

2020-21 ఆర్థిక సంవత్సరానికి ఆదాయపు పన్ను రిటర్ను వేయడానికి మామూలు గడువు 2021 జులై 31. కరోనా కారణంగా ప్రభుత్వం దాన్ని సెప్టెంబర్ 30 వరకు పొడిగించింది. అయినా జులై 31 దాటాక రిటర్ను వేసిన కొందరికి సాఫ్ట్‌వేర్ ఆలస్య రుసుము, వడ్డీ తప్పుగా వేసింది.

అప్పటి చట్టం 234ఎఫ్ సెక్షన్ ప్రకారం ఆలస్య రుసుము రూ.5,000. మొత్తం ఆదాయం రూ.5 లక్షలు మించకపోతే రూ.1,000. చిరుద్యోగికి వెయ్యి రూపాయలంటే ఇంటికి పంపే డబ్బులో కోతే.

ఆగస్టు 1నే సాఫ్ట్‌వేర్‌ను సరిచేశామనీ, కొత్త వెర్షన్ వాడాలనీ, ఎక్కువ కట్టినవారికి ఆ సొమ్ము తిరిగి ఇస్తామనీ ఆదాయపు పన్ను శాఖ ఆగస్టు 11న తెలిపింది. కానీ అది చేతికి వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు కదా!

అందుకే రేపు ఉద్యోగాల్లో చేరబోయే మనం, ఇప్పటికే చేరిన మన పూర్వ విద్యార్థులు మూడు పనులు మరువరాదు. గడువు, ఆదాయం, రుసుము ముందుగా కాగితం మీద సరిచూసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌నే వాడాలి. చలానా, రసీదు భద్రపరచుకుని, తేడా వస్తే సవరణకు దరఖాస్తు చేయాలి.

మనం లెక్కలు నేర్చుకునేది పరీక్షల కోసమే కాదు, మన కష్టార్జితాన్ని కాపాడుకోవడానికి కూడా.