మొటిమల జెల్ – బఠాణీ గింజంత చాలు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వార్షికోత్సవం దగ్గర పడుతుంటే హాస్టల్లో అద్దం ముందు రద్దీ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు గ్రూప్ ఫొటోకి వారం ముందు రూమ్మేట్ ట్రంకు పెట్టెలోంచి మొటిమల ట్యూబు తీసుకుని, ముఖమంతా తెల్లగా కనిపించేలా మందంగా పూసుకున్నాను. అలా మూడు రాత్రులు. నాలుగో రోజుకి ముఖం కందిపోయి, ముక్కు పక్కన పొట్టు లేచింది. నీళ్లు తగిలినా మంటే. వార్డెన్ సార్ "ఏం పూశావురా?" అంటే ఎండదెబ్బ అని అబద్ధం చెప్పాను. ఆ ఫొటోలో వెనుక వరుసలో తల దించుకున్నవాణ్ణి నేనే.

తర్వాత ఫార్మసీ చదివాక తెలిసింది, ఆ ట్యూబు మంచి మందే. వాడిన పద్ధతే తప్పు.

దాని పేరు ట్రెటినోయిన్. ఎ విటమిన్ కుటుంబానికి చెందిన ఇలాంటి మందులను రెటినాయిడ్లు అంటారు. అమెరికాలో 1971లో దీనికి అనుమతి వచ్చింది. 1996లో వచ్చిన అడాపలీన్ కూడా ఈ జాతిదే, మంట కాస్త తక్కువ. అందుకే మొదటిసారి వాడేవారికి డాక్టర్లు తరచుగా 0.1 శాతం అడాపలీన్ జెల్ రాస్తారు.

ఇది ఎలా పనిచేస్తుందో అర్థమైతే తొందర దానంతటదే తగ్గుతుంది. యుక్తవయసులో హార్మోన్ల వల్ల చర్మం కింద నూనె ఎక్కువగా ఊరుతుంది. చనిపోయిన చర్మకణాలు ఆ నూనెతో కలిసి రంధ్రానికి బిరడాలా అడ్డుపడతాయి. లోపల బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. ఈ రోజు కనిపించే మొటిమకు కొన్ని వారాల కిందటే బిరడా పడింది. రెటినాయిడ్ ఆ బిరడా పడకుండా చూస్తుంది. అంటే రాబోయే మొటిమలను ఆపుతుంది. కాబట్టి ఉన్న మొటిమ మీద చుక్క పెడితే లాభం లేదు. మొటిమలు వచ్చే చోటంతా పలుచగా రాయాలి. ఫలితానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో మొటిమలు కొంచెం పెరిగినట్టు కూడా అనిపించవచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు.

రాత్రి ముఖం మామూలు సబ్బుతో మెల్లగా కడిగి (బట్టల సబ్బుతో కాదు, నవ్వకండి, మనలో చాలామంది చేసిన పనే), తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఇరవై నిమిషాలు ఆగండి. తడి ముఖం మీద మంట ఎక్కువ. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత జెల్ చాలు. కళ్లు, పెదవులు, ముక్కు మూలలు వదిలేయండి. మొదటి రెండు వారాలు వారానికి రెండు మూడు రాత్రులే రాసి, చర్మం ఓర్చుకుంటే రోజూ రాయండి. పొడిబారితే మాయిశ్చరైజర్ రాయండి, కొబ్బరినూనె వద్దు. తలకు రాసిన నూనె నుదుటి మీదికి కారినా మొటిమలొస్తాయి. పగలు ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్, లేదా టోపీ, గొడుగు. మొటిమ మీద నిమ్మరసం, టూత్‌పేస్టు పూయడం మానండి. ఇంత తక్కువ వాడితే 15 గ్రాముల ట్యూబు నెలపైనే వస్తుంది, కాస్మెటిక్ ఛార్జీలూ మిగులుతాయి.

పెళ్లయిన పూర్వ విద్యార్థినులకు ఒక మాట: గర్భిణులూ, గర్భం కోసం చూస్తున్నవారూ ఈ మందు వాడకూడదు.

నాకు అసలు భయం మరో రకం ట్యూబు గురించి. ట్రెటినోయిన్‌తో పాటు స్టెరాయిడ్, హైడ్రోక్వినోన్ కలిపిన క్రీములు ఉన్నాయి. నల్లమచ్చలకు డాక్టరు కొద్ది వారాలకు మాత్రమే రాసే మందు అది. మన దగ్గర తెల్లబడే క్రీముగా చేతులు మారుతోంది. రాసిన వారంలోనే ముఖం నున్నగా కనిపిస్తుంది కాబట్టి నమ్మేస్తాం. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రటి నరాలు తేలతాయి, కొత్త మొటిమలొస్తాయి, మానగానే మంట మొదలవుతుంది. నాతో చదివిన ఒక మిత్రుడు ఎండలో నిలబడలేక డ్రిల్లు పీరియడ్లన్నీ గదిలోనే గడిపాడు. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకుండా నిబంధన తెచ్చింది. అయినా ట్యూబు మీది చిన్న అక్షరాలు మీరే చదవండి. మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, బీటామెథాసోన్, క్లోబెటసాల్ – వీటిలో ఏ పేరున్నా అది మొటిమల మందు కాదు. ఇప్పటికే చాలాకాలంగా రాస్తుంటే ఒక్కసారిగా మానకుండా చర్మవ్యాధుల డాక్టరును కలవండి.

గడ్డల్లా నొప్పి పెట్టే మొటిమలు, గుంటలు పడుతున్నవి ఒక్క జెల్‌తో తగ్గవు. వాటికీ ఆలస్యం చేయకుండా ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంతవరకు రాసిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి.