పావ్లోవ్ కుక్క, మన బుజ్జిగాడు

అమ్మాయిలూ, టెట్‌కి కూర్చోవాలని సైకాలజీ పుస్తకం మళ్ళీ ముందేసుకున్నవాళ్ళు మీలో చాలామందే ఉండి ఉంటారు. శిశువికాసం, పెడగాజీ కలిపి 30 బిట్లు, 30 మార్కులు. అందుకని పొద్దున్న లేస్తూనే జపం మొదలు: పావ్లోవ్ కుక్క, థారన్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. బిట్టు సూటిగా అడిగితే సరే, టిక్కు పెట్టేస్తాం. కాస్త తిప్పి అడిగాడంటే తెల్లమొహమే! జంతువుల పేర్లు గుర్తుంటాయి గానీ అవి చేసిన పనిలో మనకు పనికొచ్చేది ఏముందో ఎవరూ చెప్పరు. అందుకే ఈసారి పాఠాలు మన ఇంట్లోంచే తిరగేద్దాం. పరీక్షల గొడవ లేనివాళ్ళూ ఇలా వచ్చి కూర్చోండి.

ముందు పావ్లోవ్‌గారు. ఆయన అసలు చూస్తున్నది అరుగుదల సంగతి. 1904లో నోబెల్ వచ్చిందీ దానికే. తిండి నోటికి అందకముందే, తిండి పెట్టే మనిషి కనబడగానే కుక్కలకు లాలాజలం ఊరడం గమనించి, ప్రాణులు ఇలా ఎలా నేర్చుకుంటాయో చూడ్డం మొదలుపెట్టాడు. మన బుజ్జిగాడికి సూది వేయించారనుకోండి. సూది నొప్పికి ఏడవడం ఎవరూ నేర్పక్కర్లేదు. రెండు మూడుసార్లయ్యాక తెల్లకోటు చూస్తేనే ఏడుపు. అది శాస్త్రీయ నిబంధనం, ఏడిపించే ఆ తెల్లకోటు నిబంధిత ఉద్దీపన. మంగలి షాపులో తెల్లచొక్కా ఆయన్ని చూసీ గోల పెడితే సామాన్యీకరణం. 'ఈయన సూది వెయ్యడు, జుట్టే కత్తిరిస్తాడు' అని తేడా తెలిసి ఊరుకుంటే విచక్షణ. సూది లేకుండా నాలుగుసార్లు ఆస్పత్రికి వెళ్ళొస్తే భయం తగ్గుతుంది, అది విరమణ. కొన్నాళ్ళ తర్వాత ఉన్నట్టుండి ఆ భయం మళ్ళీ తలెత్తితే అయత్నసిద్ధ స్వాస్థ్యం. నోరు తిరగని ఆ పేరుకు ఇంతే అర్థం.

ఇక అందరూ తడబడే చోటుకు వద్దాం. సాయంత్రం ఆరున్నర. పొయ్యి మీద పోపు చిటపటలాడుతోంది, హాల్లో అత్తగారి సీరియల్, వంటింటి గుమ్మంలో బుజ్జిగాడు కాళ్ళు తపతపా కొట్టుకుంటూ 'ఫోనూ...' అని రాగం. తడిచెయ్యి కొంగుకి తుడుచుకుని ఫోను వాడి చేతిలో పెట్టారు. ఏడుపు టక్కున ఆగింది. హమ్మయ్య!

ఇక్కడ పాఠం నేర్చుకున్నది ఇద్దరు. ఏడిస్తే ఫోను దొరుకుతుందని వాడు నేర్చుకున్నాడు. కావలసింది చేతికి రావడం వల్ల ఏడుపు పెరుగుతుంది కాబట్టి అది ధనాత్మక పునర్బలనం. ఫోను ఇస్తే చెవులకు ప్రశాంతత అని మీరు నేర్చుకున్నారు. బాధపెట్టేది తొలగిపోవడం వల్ల ఫోను ఇచ్చే అలవాటు పెరుగుతుంది కాబట్టి అది రుణాత్మక పునర్బలనం. దీన్ని శిక్ష అనుకునే చాలామంది మార్కు పోగొట్టుకుంటారు. ఒక్కటి చూసుకోండి: పని పెరిగిందా, అది పునర్బలనం. తగ్గిందా, అది శిక్ష. ఆ తర్వాతే ఇచ్చారా, తీసేశారా అన్నది.

'రేపట్నుంచి ఇవ్వనంటే ఇవ్వను' అంటారా? మంచిదే. కానీ మొదట్లో ఏడుపు ఇంకా పెరగొచ్చు. అది చూసి 'పోనీలే, ఈ ఒక్కసారికి' అన్నారో, మునుపటికంటే కష్టం. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసమే ప్రాణి ఎక్కువకాలం పట్టువదలదని స్కిన్నర్ పావురాలు తేల్చిచెప్పాయి. ఇస్తే హోంవర్క్ అయ్యాక, ఏడుపు లేనప్పుడు, చెప్పిన టైముకి ఇవ్వండి.

చూశారా, వాణ్ణి 'మొండిఘటం, వాళ్ళ తాత పోలిక' అనేస్తాం గానీ, ఆ మొండితనానికి నీళ్ళు పోసిందెవరో అడగం. దీనికీ సైకాలజీలో పాఠం ఉంది. తోటికోడలు ఫోను ఎత్తకపోతే పొగరు, మనం ఎత్తకపోతే పనిలో ఉన్నాం! ఎదుటివాళ్ళు చేసినదానికి వాళ్ళ స్వభావమే కారణమనేసుకుని, అప్పటి పరిస్థితిని వదిలేసే ఈ పొరపాటుకు 1977లో లీ రాస్ అనే ఆయన పేరు పెట్టాడు. రేపు టీచరమ్మలై 'వీడికి చదువు రాదు' అనే ముందు ఈ పాఠం ఒక్కటి గుర్తుకొస్తే చాలు.

మరి ఇవన్నీ పరీక్షదాకా గుర్తుండాలంటే? 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు రెండు పాఠాలు ఇచ్చి, ఒకదాన్ని మళ్ళీ చదవమన్నారు, రెండోదాన్ని చూడకుండా గుర్తున్నంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే మళ్ళీ చదివిన పాఠానిదే పైచెయ్యి, 81 శాతానికి 75. వారం తర్వాత కథ తిరగబడింది. మళ్ళీ చదివింది 42 శాతం, చూడకుండా రాసింది 56 శాతం గుర్తుంది. గైడు మీద రంగు పెన్నుతో గీతలు గీస్తూ నాలుగోసారి చదివితే వచ్చేసినట్టే ఉంటుంది. వచ్చిందో లేదో పుస్తకం మూస్తే గానీ తెలియదు.

కాబట్టి పైకి తొంగిచూడకుండా ఈ మూడు బిట్లు చేయండి. కారులో బెల్టు పెట్టుకునేదాకా కీకీమని మోగి, పెట్టగానే ఆగిపోతుంది, దాంతో బెల్టు అలవాటవుతుంది: ఇది ఏ పునర్బలనం? అల్లరి చేసినందుకు ఆటల పీరియడ్ తీసేస్తే అల్లరి తగ్గింది: పునర్బలనమా, శిక్షా? కుక్కర్ విజిల్‌కే నోరూరితే నిబంధిత ఉద్దీపన ఏది? జవాబులు ఇంట్లో ఎవరికైనా మీ మాటల్లో చెప్పండి. ఎక్కడ తడబడితే అక్కడికే పుస్తకం తెరవండి.