నడక నేర్పే వైద్యం

పాఠ్యాంశ పరిచయం

ప్రక్రియ: వ్యాసం. ప్రమాదంలో గాయపడిన వ్యక్తికి శస్త్రచికిత్సతో వైద్యం పూర్తి కాదు. అతడు తిరిగి తన పనులు తాను చేసుకోగలిగిననాడే అది సఫలమవుతుంది. అందుకు తోడ్పడే ఫిజియోథెరపీని గురించి, అందులో రోగికీ కుటుంబానికీ గల పాత్రను గురించి ఈ పాఠం తెలియజేస్తుంది.

పాఠ్యభాగం

మహబూబాబాద్ జిల్లాలోని కురవి ప్రాచీనమైన ఊరు. మహాశివరాత్రికి అక్కడి వీరభద్రస్వామి జాతరకు చుట్టుపక్కల పల్లెల ప్రజలు తరలివస్తారు. తక్కిన దినాలలో ఆ ప్రాంత జీవనమంతా శ్రమతో ముడిపడి ఉంటుంది. వరి, పత్తి, మిరప చేలలో నడుము వంచి పనిచేసేవారు, తాటిచెట్లెక్కి కల్లు గీసేవారు, బస్తాలు మోసేవారు - వీరందరికీ కాలుసేతులే ఆస్తి. ఆ ఆస్తికి ముప్పు వాటిల్లితే కుటుంబమంతా కుంగిపోతుంది.

మోకు, ముత్తాదుల ఆధారంతో చెట్టెక్కే గీత కార్మికుడు పట్టుతప్పి పడితే ఎముకలు విరగవచ్చు, వెన్నెముక దెబ్బతినవచ్చు. ఇట్టి ప్రమాదాలను నివారించడానికే తెలంగాణ ప్రభుత్వం 2024లో 'కాటమయ్య రక్ష' పేరుతో రక్షణ పరికరాల పంపిణీ ప్రారంభించింది. రహదారి ప్రమాదాలూ ఇటువంటి గాయాలకే కారణమవుతున్నాయి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 వాహనం క్షతగాత్రుని ఆసుపత్రికి చేరుస్తుంది. శస్త్రవైద్యుడు విరిగిన ఎముకను అతుకుతాడు. ప్రాణం దక్కుతుంది. కాని ఆసుపత్రి మంచం నుండి మళ్లీ పొలం గట్టుకు చేర్చే వాహనమేదీ లేదు. ఆ దూరాన్ని రోగి స్వయంగా, అడుగు తరువాత అడుగుగా దాటాలి. ఆ ప్రయాణానికి దారి చూపేదే ఫిజియోథెరపీ.

దెబ్బ తగిలినవాడు ఎంత కదలకుండా పడుకుంటే అంత త్వరగా కోలుకుంటాడని చాలామంది నమ్ముతారు. గాయపడిన భాగానికి కొంతకాలం విశ్రాంతి అవసరమే. కాని దేహమంతా నిశ్చలమైతే కొత్త చిక్కులు పుడతాయి. పని లేని కండరాలు కొద్ది రోజులలోనే క్షీణిస్తాయి. కీళ్లు బిగుసుకుంటాయి. కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. ఊపిరితిత్తులలో కఫం చేరుతుంది. ఒకేవైపు ఒత్తిడి పడిన చోట చర్మం చితికి పుండు పడుతుంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చినట్లు, మొదట నివారించదగిన ఈ బాధలే తరువాత అసలు గాయాన్ని మించిపోతాయి.

అందువల్ల ఫిజియోథెరపీ మంచం మీదనే మొదలవుతుంది. దీర్ఘంగా శ్వాస తీసి విడవడం, పాదాలను చీలమండల వద్ద పైకీ కిందికీ ఆడించడం, కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం తొలి దశ. రోగి తనంతట తాను కదపలేని అవయవాన్ని చికిత్సకుడు మెల్లగా కదుపుతాడు. కొంత బలం రాగానే రోగి ప్రయత్నిస్తుండగా చేయూతనిస్తాడు. పిమ్మట రోగి స్వయంగా కదుపుతాడు. చివరి దశలో చిన్న బరువులతో కండరానికి శక్తి సమకూరుస్తారు. నడకలోనూ ఇట్టి క్రమమే కనిపిస్తుంది. ముందు కూర్చోవడం, తరువాత నిలబడడం, ఆపై సమాంతరంగా అమర్చిన రెండు కమ్మీల నడుమ అడుగులు వేయడం, అనంతరం వాకర్, చేతికర్ర. దెబ్బ తగిలిన కాలికి ఎదుటి వైపు చేతిలో కర్ర పట్టుకోవాలన్న చిన్న విషయం కూడా నేర్చుకోవలసినదే. కాలిపై ఎంత భారం ఎప్పుడు మోపాలో వైద్యుడే నిర్ణయించాలి.

వెన్నుపాము తీవ్రంగా దెబ్బతిన్న వారందరూ మళ్లీ నడవలేకపోవచ్చు. అంతమాత్రాన వారి జీవితం ముగిసినట్లు కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇట్టి క్షతగాత్రులు ఎంతోకాలం బతకరని భావించేవారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే వైద్యుడు వారి చికిత్సకు ప్రత్యేక విభాగం నెలకొల్పాడు. క్రమం తప్పక పక్కకు తిప్పించి, వ్యాయామం చేయించి, ఆటలాడించాడు. 1948 జులై 29న అక్కడ 16 మంది చక్రాల కుర్చీలలో కూర్చుని పోటీపడ్డారు. ఆ చిన్న పోటీయే క్రమంగా పారాలింపిక్స్‌గా ఎదిగింది. మంచం నుండి కుర్చీలోకి మారడం, స్నానం చేయడం, బట్టలు ధరించడం ఇతరుల సాయం లేకుండా చేసుకోగలగడం కూడా గొప్ప విజయమే.

సాధన ఫలితానికి తెలుగువారికి చిరపరిచితమైన ఉదాహరణ సుధాచంద్రన్. 1981లో తమిళనాడులో జరిగిన బస్సు ప్రమాదంలో గాయపడిన ఈ నర్తకి కుడికాలిని వైద్యులు మోకాలి దిగువన తొలగించవలసి వచ్చింది. ఆమె జైపూర్ పాదం అమర్చుకుని, నొప్పిని ఓర్చి, తొలి అడుగు నుండి మళ్లీ నాట్యం సాధన చేసి 1984లో వేదికనెక్కింది. ఆమె కథతో సింగీతం శ్రీనివాసరావు 1985లో తెలుగులో 'మయూరి' చిత్రాన్ని రూపొందించగా ఆ పాత్రను ఆమెయే ధరించింది. కృత్రిమ పాదం ఇతరులు ఇవ్వగలరు. దానిపై నడవడం మాత్రం ధరించినవారే నేర్చుకోవాలి.

పల్లెలో ఈ సాధనకు ఆటంకాలు ఎక్కువ. కూలి మానుకుని రోజూ పట్టణానికి వెళ్లిరావడం పేదవారికి భారం. అందుకే నాలుగు నాళ్లు వెళ్లి మానేస్తారు. అందువల్ల ఆసుపత్రిలో నేర్పిన వ్యాయామాలను ఇంట్లోనివారూ శ్రద్ధగా గ్రహించి ఇంటివద్ద కొనసాగించాలి. వైద్యుని సలహా లేకుండా గాయాన్ని రుద్దడం, బిగుసుకున్న మోచేతిని బలవంతంగా సాగదీయడం ప్రమాదకరం. దానివల్ల కండరంలో ఎముక పెరిగి కీలు మరింత బిగుసుకుపోవచ్చు. రక్తప్రసరణ ఆగేటంత గట్టిగా కట్టు కడితే అవయవానికే మోసం వస్తుంది. వ్యాయామంలో కొద్దిపాటి నొప్పి సహజం. నొప్పి హెచ్చుతున్నా, వాపు పెరుగుతున్నా వెంటనే చికిత్సకునికి తెలపాలి.

శరీరంతోపాటు మనసుకూ గాయమవుతుంది. సంపాదించే వ్యక్తి మంచాన పడితే ఇంటికి భారమయ్యానని కుమిలిపోతాడు. అతనికి జాలి మాటలకన్న, నిన్న రెండడుగులు వేసినవాడు నేడు మూడు వేశాడని గుర్తించే కళ్లు అవసరం. ఆ మూడవ అడుగే అతని మనోధైర్యానికి పునాది.

అర్థాలు

క్షతగాత్రుడు = గాయపడినవాడు
నిశ్చలం = కదలిక లేనిది
క్షీణించు = తగ్గిపోవు
అనంతరం = తరువాత
చిరపరిచితం = చాలాకాలంగా తెలిసినది

అభ్యాసం

I. వ్యాసరూప ప్రశ్న
గాయపడినవారు కోలుకోవడంలో ఫిజియోథెరపీ దశలను వివరించండి.

II. లఘు ప్రశ్నలు
1. కదలకుండా పడుకోవడం వల్ల కలిగే చిక్కులేవి?
2. గుట్‌మన్ చేసిన కృషిని తెలపండి.
3. కుటుంబసభ్యులు పాటించవలసిన జాగ్రత్తలేవి?

III. సందర్భసహిత వ్యాఖ్య
"వీరందరికీ కాలుసేతులే ఆస్తి."

IV. వ్యాకరణం
కాలుసేతులు = కాలు + చేతులు - గసడదవాదేశ సంధి
మనోధైర్యం = మనః + ధైర్యం - విసర్గ సంధి
శస్త్రచికిత్స = శస్త్రముతో చికిత్స - తృతీయా తత్పురుష సమాసం